కళ్ళములో పాళ్ళ వరుస

చాకవేలు,
హేవిళంబి నామ సంవత్సరము, మార్గశిర మాసము (1957 డిసెంబరు)

చిరంజీవియగు మనుమనికి పెదతాత ఆశీర్వదించి వ్రాయునది.

నీ యుత్తరము అందినది. బెంగుళూరి మిల్లుపని చాలించుకొని ఊరికి వచ్చి, బాగేపల్లి బాట ప్రక్కనున్న మీ నాయన దొడ్డిలో అంగడి పెట్టుదునా, లేక ఆ స్థలమును గుడారపు సినిమావారికి అద్దెకిత్తునా, రెండును చేయుదునా అని అడిగితివి. రెండును చేయవచ్చును. అయితే మన సీమలో బేరమును వినోదమును వేర్వేరు పనులుగా ఎన్నడును నడచినవి కావు. రెండును సేద్యగాని కళ్ళమును నమ్ముకొని బ్రదికినవే. ఆ కళ్ళములో ఎవరి పాలు ముందు, ఎవరి పాలు వెనుక అను వరుస తెలిసినవాడు ఇక్కడ నిలిచెను, తెలియనివాడు రెండు మూడేండ్లలో తాళము వేసికొని పోయెను. కావున కొంత పాత సంగతి చెప్పక తప్పదు, ఓపికతో చదువుము.

నాలుగవ కృష్ణరాజ ఒడయరు 1902లో ప్రభుత్వము చేపట్టిన తరువాతి తొలియేండ్లలో మన యూర అంగడి యనగా అరుగు మీద పెట్టిన నాలుగు గంపలు, ఒక తక్కెడ, గోడకు చేరవేసిన నూనె కుండలు. ఉప్పు, మిరపకాయలు, చింతపండు, బెల్లము, పొగాకు, వక్కాకు. వీనికి తోడుగా అప్పుడప్పుడే వచ్చి చేరిన కిరసనాయిలును అగ్గిపెట్టెలును. రూపాయి ముఖము చూడని నెలలు రైతు ఇంట ఎన్నియో యుండెడివి. ఇల్లాలు కొంగున కొన్ని రాగులో ఆముదపు విత్తులో మూటకట్టుకొని వచ్చి, వానికి సరియగు ఉప్పును కారమును కొనిపోయెడిది. అణా, అర్ధణా, కానీ అను నాణెములు సంతనాడే వెలుగు చూచెడివి. ఆ సంతలో పశువుల బేరము చూడవలసిన వేడుక: దళారి తువ్వాలు కప్పి దాని క్రింద కొనువాని వ్రేళ్ళు పట్టును, అమ్మువాని వ్రేళ్ళు పట్టును, చుట్టు నూఱుమంది నిలిచియున్నను ధర ఒక్కరికిని తెలియదు. నాకది నేటికిని నచ్చని పద్ధతి. అయినను అట్లు చేతిలో చేయివేసి కుదిరిన మాటను తప్పినవాడు మరుసటి సంతలో తలయెత్తి తిరుగలేకపోయెడివాడు.

కొలతల సంగతి నీకు ప్రత్యేకముగా చెప్పవలయును. మన మైసూరు వైపు ఇరువది కొలగలు ఒక ఖండుగ. సరిహద్దు దాటి కదిరి దిక్కుగా పోయినచో ఇరువది తూములు ఒక పుట్టి. లెక్క ఒక్కటే, పాత్ర వేరు. రెండు దొరతనముల అంచున నున్న మన పల్లెలలో ఒక పాత్రతో కొని వేఱొక పాత్రతో అమ్మి లాభము తీసిన ఘనులును లేకపోలేదు. పాత్రను అంచుకు సరిగా గీచి కొలుచుటయా, గోపురముగా పోసి కొలుచుటయా అను దానిలోనే వర్తకుని గుణము ఊరికి తెలిసిపోయెడిది. ఇప్పుడు మొన్న ఏప్రిలు నుండి రూపాయికి నూఱు నయాపైసలు వచ్చినవి. మన ముసలివారు మాత్రము పావలా, బేడ యనియే లెక్కింతురు. పావలాకు ఇరువదియైదు నయాపైసలు సరిపోవును గాని, బేడకు పండ్రెండున్నర వచ్చును. ఆ అర పైస ఎవరి పక్షమున పడుచున్నదో ఊరంతయు గమనించుచుండును. దానిని కొనువానికే విడిచిపెట్టుము. ఏడాదికి నీకు పోవునది స్వల్పము, వచ్చు పేరు పెద్దది.

ఇక కళ్ళము. కార్తీకములో కోసి కుప్పవేసిన రాగిని సంక్రాంతి అటునిటుగా కళ్ళమున పరచి, ఎడ్లచేత గుండు త్రిప్పించి నూర్చినప్పుడు రాశి పడును. ఆ రాశిని రైతు నేరుగా ఇంటికి మోయించుకొనుటకు వీలు లేదు. మొదట దేవుని ముడుపు. పిమ్మట ఆయగాండ్రు: మడక చెక్కిన వడ్రంగి, కఱ్ఱు సాగదీసిన కమ్మరి, కుండలిచ్చిన కుమ్మరి, చాకలి, మంగలి, చెరువు తూము కాచిన నీరుగంటి, తోటి, తలారి. ఏడాది పొడుగున చేసిన పనికి వారికి ముట్టు కూలి ఆనాటి మేరయే. వారి వెనుక గంగిరెద్దులవాడు, దొమ్మరవారు, జంగము కథకులు, బొమ్మలాటవారు. వీరికి చేటతోనో బుట్టతోనో పోయుదురు. సావుకారు ఖాతా పుస్తకము చంకన పెట్టుకొని వచ్చి కూర్చుండునది వీరందఱి పాళ్ళును తీరిన తరువాతనే. రాశిలో మొదటి చేయి సావుకారిది కారాదని వ్రాసిన చట్టమేదియు లేదు. ఊరు దానిని అట్లు నడుపుకొనెను.

అంతమాత్రమున అది ధర్మరాజ్యమని భ్రమపడకుము. వానలు మొదలైన నెలలలో నాగుకు ఒక తూము తెచ్చుకొన్నవాడు కళ్ళములో తూమున్నర కొలువవలసి వచ్చెడిది. కొలువలేనివాని బాకీ మరుసటి ఏటికి తిరిగి నాగు మీద నాగుగా పెరిగెడిది. సర్కారు కందాయము ధాన్యముగా కాక రొక్కముగా కట్టవలసియుండుటచేత సావుకారు గడప త్రొక్కని రైతు అరుదు. చెప్పులు కుట్టి, కపిల బానకు తోలు బిగించి, పండుగకు తప్పెట కొట్టిన మాదిగవానికి కళ్ళములో పాలు ఉండెను గాని, రాశి దగ్గఱకు వచ్చి నిలుచుటకు చోటు లేకుండెను. ఆట చూచునప్పుడును వారు ఒక ప్రక్కగా, దూరముగా కూర్చుండవలసినదే. ఆ పాపమును నీవు నీ అంగడి అరుగు మీదికి తేవలదు. వచ్చినవాడెవడైనను చేతికి చేయి అందించి సరుకిమ్ము. దానికి ఒప్పని గిరాకీ పోయిన పోనిమ్ము.

మాఘ ఫాల్గుణములలో, గాదెలలో గింజయు పొలములో విరామమును ఉన్న దినములలో, వినోదము వచ్చెడిది. కదిరి నరసింహస్వామి రథోత్సవము ఫాల్గుణములోనే. అక్కడికి బండ్లు కట్టుకొని పోవువారు వచ్చునప్పుడు గాజులు, కంచు చెంబులు, పిల్లలకు ఆటవస్తువులు తెచ్చెడివారు. ఊరిలో ముచ్చట తోలుబొమ్మలాట. ఆ ఆటగాండ్ర బండ్లు పొలిమేర చేరినవనగానే పిల్లలకు నిదుర లేదు. తెల్లని పంచెలు తెరగా కట్టి, వెనుక ఆముదపు దీపములు వెలిగించి, కాలి క్రింది చెక్కలు టకటక మ్రోయ రామాయణమునో విరాటపర్వమునో తెల్లవాఱులు ఆడెడివారు. వాన జాగైన యేట విరాటపర్వము ఆడింపని పల్లె మన దిక్కున అరుదు. ఇంట మరాఠీ మాటాడు ఆ ఆరెవారు తెర వెనుక నిలిచి తెలుగున పద్యమెత్తినప్పుడు, బడిలో కన్నడము చదివి ఇంట తెలుగు మాటాడు మనకు అది వింతగా తోచకుండెను. నడుమ జుట్టుపోలిగాడును బంగారక్కయు వచ్చి ఊరి పెద్దలను పేరులేకుండ ఎత్తిపొడిచెడివారు. సావుకారు తప్పు తూకము మీద విసరిన మాటకు అందఱికంటె బిగ్గరగా నవ్వవలసినవాడు సావుకారే. ఆ రాత్రికి దీపముల నూనె అతని అంగడినుండి ఊరికే పోయెడిది. మఱి తెల్లవాఱులు కూర్చున్న జనమునకు బొరుగులును బెల్లమును శనగలును అమ్మి అతడు ఆ నూనెకు మించి గడించెడివాడు, అది వేఱు మాట!

వీథినాటకము సంగతి మఱియొక తీరు. ఆట నేర్పు అయ్యవారు నూర్పులైన పిమ్మట ఊరికి వచ్చి, పగలు ఒక్కొక్క ఇంట భోజనము చేయుచు, రాత్రులయందు మడక పట్టు పిల్లవాండ్రకు నడకలు, పద్యములు, దరువులు నేర్పెడివాడు. కిరీటములు, భుజకీర్తులు అద్దెకు వచ్చెడివి. ద్రౌపది వేషము కట్టిన బలిష్ఠుడైన రైతుబిడ్డ మరునాడు ఎడ్లను తోలుకొని పోవుచుండగా, ఆడువారు వానిని 'అమ్మా ద్రౌపదీ' యని పిలిచి ఏడ్పించెడివారు. చదువురాని వాని నోట భారత పద్యము తప్పులేకుండ పలికించిన ఆ అయ్యవారికి ఊరిచ్చినది కొన్ని కొలగల రాగులును ఒక పంచెల చాపును మాత్రమే.

ఇదంతయు తలచుకొని సినిమాను నేను దూషింతునని నీవు అనుకొనవచ్చును. కాదు. వినోదము రూపము మార్చుకొనుట క్రొత్త కాదు. కడప జిల్లా సురభి గ్రామములో 1885లో కీచకవధ నాటకమాడి పేరెత్తిన వనారస వంశమువారు అంతకు ముందు తోలుబొమ్మలాడించినవారే. 1932లో భక్తప్రహ్లాద వెండితెర మీద తెలుగు పలికెను. తోలుబొమ్మ నీడ కదలినను, ఫిల్ము నీడ కదలినను చూచు కన్నులు మనవే. నా పేచీ తెరతో కాదు, టిక్కెట్టుతో. బొమ్మలాటవాడు కళ్ళమున గింజ ఉన్నప్పుడు వచ్చి, ఉన్నవాని యొద్ద బుట్టెడు, లేనివాని యొద్ద దోసెడు తీసికొని పోయెడివాడు. దోసెడిచ్చినవాని బిడ్డయు బుట్టెడిచ్చినవాని బిడ్డయు ఒకే ఆట చూచిరి. టిక్కెట్టునకు ఋతువు లేదు, ఇంటిలో గింజ లేదన్న విచారణయు లేదు.

ఈ మార్పు సినిమా తెచ్చినది కాదనియు, వేరుశెనగ తెచ్చినదనియు నా నమ్మకము. రాగి కళ్ళములో పడును, పాతరలో ఏండ్లతరబడి చెడక నిలుచును, సంగటియై కడుపు నింపును. ధాత కరువును, అనగా 1876 నుండి రెండేండ్లు ఈ సీమను మాడ్చిన క్షామమును చూచిన మా పెద్దలు పాతర నిండిన గాని పెండ్లి తలపెట్టెడివారు కారు. మనవారు శెనక్కాయ లనెడి ఈ పైరు అట్టిది కాదు. మొదటి యుద్ధము తరువాతి కాలమున దూరదేశపు నూనె గిరాకీని నమ్మి మన మెట్టచేలలో వ్యాపించెను. అంతకు ముందే 1913 మొదలు 1916 లోపల బౌరింగుపేట నుండి కోలారు, చింతామణి, శిడ్లఘట్టల మీదుగా చిక్కబళ్ళాపురమునకు చిన్న రైలు పడియుండెను. కోమటి సావుకార్లకు పేరుపొందిన చింతామణి ఊరు దానితో ఇంకను ముందుకు వచ్చెను. రైలు లేని మన బాగేపల్లి తాలూకానుండి మూటలు బండ్ల మీద అక్కడికి నడచినవి. విత్తనమునకు బయానా యిచ్చిన వర్తకుడు కాయలను చేనిలోనే తూచి, బాకీ చెల్లుబెట్టుకొని, మిగిలిన రూపాయలు లెక్కపెట్టి యిచ్చి పోయెను. అక్కడ రాశి లేదు, రాశి లేనిచోట మేర లేదు, మేర లేనిచోట కమ్మరికిని కథకునికిని పాలు లేదు. సావుకారు కడపటివాడై యుండి మొదటివాడయ్యెను. 1929 తరువాత ధరలు కూలినప్పుడు అతనికి కాయలు కాక చేలే చిక్కినవి.

మన సంస్థానమున సహకార సంఘముల చట్టము 1905లోనే వచ్చెను. విశ్వేశ్వరయ్యగారు దివానుగా నున్న 1912 నుండి 1918 వఱకు దానిని గూర్చి ఎంతయో ప్రోత్సాహము కలిగినది. అయినను పలుచోట్ల సంఘమునకు అధ్యక్షుడును ఊరి సావుకారును ఒక్కరే యగుటచేత ఫలితము సగముగానే మిగిలెను. నీవు అంగడి పెట్టినను సంఘములో సభ్యుడుగా చేరుము, పదవి మాత్రము ఒల్లకుము.

వర్తకమున మంచితనము పనికిరాదని నీతో చెప్పువారు కైవారపు నారేయణ యోగిని చూపుదురు. ఆయన పూర్వాశ్రమమున గాజుల మలారము భుజాన వేసికొని ఊరూర తిరిగినవాడనియు, లాభము ఇంటికి తేలేక భార్యచేత మాటలు పడి వైరాగ్యము పొందెననియు ఐతిహ్యము. ఆయన తత్త్వములు నేటికిని మన భజన గుడులలో వినబడుచున్నవి. అమరనారేయణస్వామి దయవలన లోకమునకు ఒక యోగి దక్కెను, అది మేలే. నీకు ఆలుబిడ్డలు కలరు గనుక లాభము తీయుము. ఖాతాను మాత్రము బాకీదారునికి చదివి వినిపింపుము. అతడు చదువరాని వాడైనచో బడిలో చదువు అతని కొడుకును పిలిచి చూపింపుము. అప్పు మీద వడ్డిని రూపాయలలో వ్రాయుము, గింజలలోను భూమిలోను వ్రాయవలదు. గుడారమువారికి సంక్రాంతి మొదలు ఉగాది దాటువఱకే స్థలమిమ్ము, మృగశిర కార్తె వచ్చునప్పటికి మేకులు పెఱికించుము. తిండిగింజ కొనవలసిన నెలలలో కూలివాని కానీని నీ దొడ్డి లాగుకొనరాదు. అన్నిటికంటె ముఖ్యము, సినిమా టిక్కెట్టును ఎవని ఖాతాలోను అప్పుగా వ్రాయకుము. ఉప్పునకు అప్పు పెట్టవచ్చును, వేడుకకు పెట్టరాదు. బొమ్మలాటవారు ఎప్పుడైన వచ్చిరేని ఆ రాత్రి గుడారము మూయించి నూనె ఖర్చు నీవే భరింపుము. బొరుగులమ్మి రాబట్టుకొనుట నీకు నేర్పనక్కఱలేదు.

సంక్రాంతికి ముందే బయలుదేఱి రమ్ము. మన చేనిలో ఈ యేడు సగము రాగి, సగము శెనక్కాయ. రాశి పడునాడు కళ్ళములో నాతో కూర్చుండి, ఇంకను ఎవరెవరు మేరకు వచ్చుచున్నారో, ఎవరు రావడము మానిరో చూడుము. అంగడి తలుపులు ఆ తరువాత చేయింపవచ్చును. వడ్రంగితో మాటాడి యుంచితిని. అతడు ధాన్యము వలదనుచున్నాడు, రొక్కము తెచ్చుకొనుము.

ఇట్లు,
నీ పెదతాత