కాలేజ్ ప్రాజెక్ట్ కోడ్ పోకుండా ఉండాలంటే: గిట్ ఫోల్డర్‌ని ఇలా సెటప్ చేసుకోండి

మీ ల్యాప్‌టాప్‌లో ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘ఇదే ఫైనల్’ అనే పేర్లతో ఫోల్డర్లు ఉన్నాయా? బీటెక్ థర్డ్ ఇయర్‌లో నాకూ ఉండేవి. మినీ ప్రాజెక్ట్ సబ్మిషన్ ముందు రోజు రాత్రి, పెన్‌డ్రైవ్‌లో ఉన్న పాత ఫోల్డర్‌ని తెచ్చి కొత్తదాని మీద పేస్ట్ చేశాను. ‘రీప్లేస్’ నొక్కాక గానీ తెలియలేదు, పది రోజుల పని పోయిందని! లాగిన్ పేజీ వరకే పనిచేసే ప్రాజెక్ట్‌తో వైవాకి వెళ్లాను. మీకు ఆ పరిస్థితి రాకూడదంటే ఒక అరగంట కేటాయించండి చాలు.

గిట్ అంటే ఏంటి?

లైనక్స్ కెర్నల్ కోసం లినస్ టోర్వాల్డ్స్ 2005లో మొదలుపెట్టిన ఉచిత టూల్ ఇది. మీరు చెప్పినప్పుడల్లా ఫోల్డర్ ఎలా ఉందో అలాగే దాచుకుంటుంది. దాన్నే కమిట్ అంటారు. చాలామంది గిట్, గిట్‌హబ్ ఒకటే అనుకుంటారు. కాదు. గిట్ మీ కంప్యూటర్‌లో నెట్ లేకపోయినా పనిచేస్తుంది. గిట్‌హబ్ దాని కాపీని ఆన్‌లైన్‌లో పెట్టుకునే చోటు.

కింద తెలుగులో రాసిన కమాండ్లని టెర్మినల్‌లో ఇంగ్లిష్ చిన్న అక్షరాలతో టైప్ చేయండి.

స్టెప్ 1: ఫోల్డర్ ఎక్కడ పెట్టాలి?

విండోస్‌లో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ చాలాసార్లు వన్‌డ్రైవ్‌తో సింక్ అవుతుంటాయి. గిట్ లోపల దాచుకునే చిన్న చిన్న ఫైళ్లని ఆ సింక్ గందరగోళం చేసే ప్రమాదం ఉంది. అందుకే డీ డ్రైవ్‌లాంటి చోట ‘సెమ్5’ అని ఒక ఫోల్డర్, దానిలో జావా, డీబీఎంఎస్, ఓఎస్ అని సబ్‌ఫోల్డర్లు పెట్టుకోండి. పేర్లలో స్పేస్ వద్దు.

స్టెప్ 2: గిట్ ఇనిట్

గిట్ ఇన్‌స్టాల్ చేశాక, ‘సెమ్5’ ఫోల్డర్‌లో గిట్ బాష్ ఓపెన్ చేసి ‘గిట్ ఇనిట్’ కొట్టండి. ఒక్కసారే, బయటి ఫోల్డర్‌లోనే. సబ్‌ఫోల్డర్‌లో మళ్లీ ఇనిట్ చేసి కమిట్ చేస్తే, దానిలోని ఫైళ్లని బయటి గిట్ దాచుకోదు. ఇప్పుడు చుక్కతో మొదలయ్యే ‘గిట్’ అనే హిడెన్ ఫోల్డర్ వస్తుంది. మీ హిస్టరీ మొత్తం దానిలోనే ఉంటుంది, డిలీట్ చేయకండి.

స్టెప్ 3: పేరు, మెయిల్

‘గిట్ కాన్ఫిగ్’ కమాండ్‌తో యూజర్ నేమ్, ఈమెయిల్ ఇవ్వాలి. సొంత ల్యాప్‌టాప్ అయితే ‘గ్లోబల్’ ఆప్షన్ వాడొచ్చు. కాలేజ్ ల్యాబ్ సిస్టమ్‌లో మాత్రం వాడొద్దు. వాడితే మీ తర్వాత అదే లాగిన్‌లో కూర్చునేవాళ్ల కమిట్లు కూడా మీ పేరుతోనే పడతాయి!

స్టెప్ 4: ఇగ్నోర్ లిస్ట్

ముందు చుక్క పెట్టి ‘గిట్‌ఇగ్నోర్’ అనే ఫైల్ చేయండి. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసేటప్పుడు ‘ఆల్ ఫైల్స్’ సెలెక్ట్ చేయకపోతే చివర టీఎక్స్‌టీ వచ్చి చేరుతుంది. జావా క్లాస్ ఫైళ్లు, నోడ్ మాడ్యూల్స్, పాస్‌వర్డ్‌లు ఉన్న ఫైళ్లు ఈ లిస్ట్‌లో రాయండి. మొదటి కమిట్‌కి ముందే రాయాలి. ఒకసారి కమిట్ అయిన ఫైల్‌ని ఈ లిస్ట్ ఆపలేదు.

స్టెప్ 5: కమిట్

‘గిట్ స్టేటస్’తో ఏం మారిందో చూడండి. ‘గిట్ యాడ్’ తర్వాత స్పేస్, చుక్క. ఆ తర్వాత ‘గిట్ కమిట్’, హైఫన్, ఎమ్, కోట్స్‌లో మెసేజ్. మెసేజ్‌లో ‘అప్‌డేట్’ అని కాకుండా ‘లాగిన్ ఎర్రర్ సరిచేశాను’ లాంటిది రాయండి. నెల తర్వాత వెతుక్కునేది మీరే కదా.

పొరపాటు జరిగితే?

‘గిట్ రిస్టోర్’ పక్కన ఫైల్ పేరు ఇస్తే, కమిట్ తర్వాత మళ్లీ యాడ్ చేయనంతవరకు, చివరి కమిట్‌లోని ఫైల్ తిరిగొస్తుంది. కానీ జాగ్రత్త, కమిట్ చేయని మార్పులు పోతాయి. ముందు ఒక డమ్మీ ఫైల్ మీద ట్రై చేసి చూడండి.

ఇంకొక్క మాట. ల్యాప్‌టాప్ పాడైతే కమిట్లు కూడా దానితోనే పోతాయి. అందుకే గిట్‌హబ్‌లో ప్రైవేట్ రిపాజిటరీ పెట్టుకుని, పని అయిన ప్రతి రోజూ ‘గిట్ పుష్’ చేయండి. ప్రైవేట్‌కి డబ్బులు కట్టక్కర్లేదు. 100 ఎంబీ దాటిన ఫైల్‌ని మాత్రం గిట్‌హబ్ తీసుకోదు, డేటాసెట్లు వేరే చోట పెట్టుకోండి.

సబ్మిషన్ ముందు రోజు కోసం ఆగకండి. ఇవాళే ఒక్క ల్యాబ్ ప్రోగ్రామ్‌తో మొదలుపెట్టండి.