ఇంటిలోనే పాటను పదిలపరచుట: క్రొత్తవారికి ఒక పాఠము



మన పాటల పుస్తకములో కీర్తనకు పైన రాగము పేరు, తాళము పేరు అచ్చువేసి యుండును. అయినను ఒకే కీర్తనను నెల్లూరు వైపునుండి వచ్చిన కుటుంబము ఒక వరుసలోను, చిత్తూరు వైపునుండి వచ్చిన కుటుంబము మరియొక వరుసలోను పాడుట మనము వినుచున్నాము. మాటలను పుస్తకము కాపాడినది. వరుసను కాపాడినవి మాత్రము పెద్దల గొంతులే.

1880లో జాన్ టేలర్ కంపెనీ ఇక్కడ గనుల పని చేపట్టిన తరువాత మన పూర్వికులనేకులు బ్రతుకుతెరువు కొరకు ఈ ప్రాంతమునకు వచ్చి స్థిరపడిరి. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతబడెను. అప్పటినుండి మన యువకులు తెల్లవారకమునుపే మారికుప్పము రైలెక్కి బెంగుళూరు పనులకు పోవుచున్నారు. ఇంట తాతగారివద్ద కూర్చుండి వరుస నేర్చుకొనుటకు వారికి తీరిక లేదు. గనిదుమ్ము పీల్చిన తాతగారికి దీర్ఘము తీయుటకు ఊపిరి చాలుట లేదు. కాబట్టి ఇంటిలో పాట రికార్డు చేయుట కేవలము సరదా పని కాదు.

పాఠ్యోద్దేశము: చేతిలోనున్న సామగ్రితో ఒక కీర్తనను స్పష్టముగా రికార్డు చేసి, చాలకాలము నిలుచునట్లు దాచుట.

పూర్వ జ్ఞానము: ఎడిసన్ 1877లో మాటను యంత్రములో నిలిపెను. 1902లో గైస్‌బర్గ్ అను దొర కలకత్తాకు వచ్చి మన దేశపు గాయకుల పాటలను రికార్డులకెక్కించెను. అదే 1902లో శివసముద్రము నుండి మన గనులకు విద్యుచ్ఛక్తి వచ్చెను. 1963లో ఫిలిప్స్ కంపెనీ క్యాసెట్టును తెచ్చెను. అప్పుడు దొరలకే సాధ్యమైన పనిని నేడు మన జేబులోని ఫోను చేయగలదు. కావున మొదట ఏమియు కొనవద్దు. ఫోనుతో పది పాటలు రికార్డు చేసిన తరువాత, చెవులను మూసియుంచు హెడ్‌ఫోను ఒకటి కొనవచ్చును. ఆ పిమ్మట కంప్యూటరుకు నేరుగా తగిలించు యూఎస్‌బీ మైకును గూర్చి ఆలోచింపవచ్చును.

1. గది. గది మధ్య నిలిచి ఒకసారి చప్పట్లు కొట్టుడి. చప్పుడు వెంటనే ఆగక గణగణ మ్రోగినచో పాటయు అట్లే చెదరును. నున్నని గోడ ధ్వనిని త్రిప్పికొట్టును, మెత్తని బట్ట మ్రింగివేయును. కావున బొంతలు, దుప్పట్లు పాడువాని వెనుకను ప్రక్కలను వ్రేలాడదీయుడి. ఫ్యాను, ఫ్రిజ్ ఆపుడి, పని ముగియగానే ఫ్రిజ్ మరల వేయుట మరువవద్దు. ఫోనుకు పిలుపులు రాకుండ ఏర్పాటు చేయుడి. రేకుల ఇండ్లలో వాననాడు ఈ పని సాగదు. సైనైడు దిబ్బల మీదుగా గాలి వీచు కాలములో ఆ వైపు కిటికీ మూసి, పని కాగానే మైకును గుడ్డతో కప్పవలెను. సన్నని దుమ్ము మైకుకు శత్రువు.

2. దూరము. ఫోనును చేత పట్టుకొనరాదు. చేతి కదలిక కూడ చప్పుడై వినబడును. ముక్కాలిపీట మీద తువాలు మడిచి దానిపై ఉంచుడి. చాల ఫోన్లలో మైకు క్రింది అంచున నుండును. ఆ అంచు పాడువాని వైపుండవలెను. నోటికి మైకుకు జానెడు దూరము చాలును. దూరమైనకొలది గది చప్పుడు ఎక్కువగును. ఇప్పుడు అరచేతిని నోటియెదుట ఉంచి "ఫలము, భయము" అనుడి. పిమ్మట "మనము, నేను" అనుడి. మొదటి మాటలకు చేతికి గాలి తగులును, రెండవవాటికి అంతగా తగలదు. ఆ గాలి మైకుకు తగిలిన "బుస్సు"మని వినబడును. కాబట్టి మైకును నోటికి సూటిగాక కొంచెము ప్రక్కకు ఉంచవలెను.

3. బలము. రికార్డింగు చూపు గీత సున్నను తాకినచో ధ్వని పగిలిపోవును. పొంగి పొయ్యిలో పడిన పాలవలె దానిని తిరిగి ఎత్తలేము. పాటలో మిక్కిలి పైస్థాయిలో పాడు చరణమును ముందుగా పాడించి, గీత సున్నకు క్రింద 12 నుండి 6 డెసిబెల్ మధ్య నిలుచునట్లు సరిచూడుడి. "వేవ్" అను రూపములో దాచుడి. ఒకే మైకుతో తీసిన మామూలు నాణ్యమునకు నిమిషమునకు సుమారు 5 మెగాబైట్లు పట్టును, అనగా నాలుగు నిమిషముల కీర్తనకు 20కి కొంచెము మించును. ఎంపీత్రీ రూపము చిన్నదే గాని అందులో ధ్వని కొంత విడువబడును. అది పంపకమునకు సరిపోవును, దాచుటకు తగదు.

4. శ్రుతి, వాద్యము. పాడువాని గొంతుకు శ్రుతిని కుదుర్చవలెను గాని శ్రుతికి గొంతును లాగరాదు. హార్మోనియము గొంతుకంటె గట్టిది, దానిని మైకుకు దూరముగా ఉంచుడి. ఖాళీ స్థలములో దూరము రెట్టింపైన 6 డెసిబెల్ తగ్గును. మరియొక పద్ధతి కలదు. ముందు హార్మోనియము, తాళము మాత్రము రికార్డు చేసి, తరువాత దానిని హెడ్‌ఫోనులో వినుచు పాటను వేరుగా రికార్డు చేయవచ్చును. ఆడాసిటీ అను ఉచిత ప్రోగ్రాము ఈ రెంటిని కలుపును. ఇది యువకులకు తగిన పద్ధతి. పెద్దలకు చెవులు మూసి పాడుట అలవాటు లేదు, వారిని తమ రీతిగానే పాడనిండు.

5. పెద్దలను పాడించుట. ఈ భాగము పాఠమంతటికి ముఖ్యము. ఊపిరి తక్కువైన పెద్దవారిని కీర్తన అంతయు ఒక్క దమ్ములో పాడుమని కోరరాదు. ఉదయము, వెన్ను ఆనించి కూర్చుండబెట్టి, గోరువెచ్చని నీళ్లు దగ్గర ఉంచుడి. పల్లవి ఒకసారి, ఒక్కొక్క చరణము వేరొకసారి పాడించి తరువాత కలుపుకొనవచ్చును. చరణములకు మధ్య రికార్డింగు ఆపవద్దు. "మా అమ్మ దీనిని ఇట్లు పాడేది" అని వారు చెప్పు మాట ఆ ఖాళీలోనే వచ్చును. దగ్గు వచ్చినచోట కత్తిరింపవచ్చును గాని, ఊపిరి తీసికొను చప్పుడును పూర్తిగా తుడిచివేయవద్దు. ఆ ఊపిరి కూడ ఆ మనిషిదే. వారి సమ్మతి ముందుగా అడుగుడి. పాడిన పిమ్మట వారికి వినిపింపుడి. వలదన్నది ఎవరికిని పంపవద్దు.

6. పాత క్యాసెట్లు. పెండ్లిండ్లలో, కూడికలలో రికార్డు చేసిన క్యాసెట్లు అనేక ఇండ్ల పెట్టెలలో నున్నవి. అయస్కాంతపు పూత ఏండ్లు గడచినకొలది క్షీణించును. ముందు క్యాసెట్టు వెనుక అంచునున్న రెండు చిన్న మూతలను విరువుడి, పొరపాటున చెరిగిపోదు. ప్లేయరు తలను స్పిరిట్ అద్దిన దూదితో తుడిచి ఆరనిండు. హెడ్‌ఫోను రంధ్రమునుండి తీగతో కంప్యూటరుకు కలుపుడి. అరువది నిమిషముల క్యాసెట్టుకు అరువది నిమిషములును పట్టును, తొందరించి ఫలము లేదు.

7. దాచుట, పంచుట. పేరులేని రికార్డింగు పదేండ్లకు అనాథ యగును. పాడినవారి పేరు, వారి పూర్వపు ఊరు, కీర్తన మొదటి మాట, తేదీ ఫైలు పేరులోనే వ్రాయుడి. మూడు ప్రతులు చేయుడి. ఫోనులో ఒకటి, వేరొక డిస్కులో ఒకటి, వేరొక ఊరిలోని బంధువుల ఇంట ఒకటి. మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము రచయిత మరణించిన తరువాత 60 సంవత్సరముల వరకు పాటపై హక్కుండును. 1890లో మరణించిన పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలకు ఈ అడ్డు లేదు. ఈ కాలపు పాటలను రికార్డు చేసి బయట పంచుటకు ముందు రచయిత, స్వరకర్తల అనుమతి అడుగుట చట్టమును న్యాయమును కూడ.

ఇంటి అభ్యాసము

1. ఒకే చరణమును జానెడు దూరమునను, నాలుగు జానల దూరమునను రికార్డు చేసి, తేడాను ఇంటివారితో చెప్పించుడి.
2. మీ ఇంట ఒక్కరికే వచ్చిన వరుస ఏది? దానిని ఈ నెలలోనే రికార్డు చేయుడి.
3. తెలుగు లిపి చదువలేని పిల్లలకు ఆ రికార్డింగు వినిపించి, పల్లవి నేర్పుడి. తరువాత వారిచేత మైకు పట్టించుడి.

మూడవ అభ్యాసము చేసిన ఇంట ఆ వరుస మరియొక తరము బ్రతుకును. యంత్రము దాచగలదు గాని పాడలేదు. పాడుట పిల్లల పని, వారికి అందించుట మన పని.