గైడ్ లేకుండా శిఖరాలు ఎక్కొచ్చా?

ప్రతి రాష్ట్రంలోనూ అన్నిటికన్నా ఎత్తైన కొండను గైడ్ లేకుండా ఎక్కాలని హైదరాబాద్‌లోని గౌలిపుర పాఠకుడొకరి కోరిక. ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు.

మహారాష్ట్రలోని కల్సూబాయితో మొదలుపెడితే మేలు. ఎత్తు 1,646 మీటర్లు. బారి గ్రామం నుంచి బాట స్పష్టంగా ఉంటుంది, నిటారు రాళ్ల దగ్గర ఇనుప నిచ్చెనలు బిగించారు, పైన అమ్మవారి గుడి. నవరాత్రుల్లో భక్తుల వెంట నడిస్తే చాలు. వానాకాలంలో మాత్రం నిచ్చెనలు జారతాయి, మబ్బు కమ్మితే దారి కనిపించదు.

తమిళనాడులో దొడ్డబెట్టకు (2,637 మీటర్లు) రోడ్డే ఉంది.

నిజానికి మన కొండలే కష్టం. తెలంగాణలోని డోలిగుట్ట 965 మీటర్లే, కానీ ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవిలో ఉంది. ఆంధ్రలో 1,680 మీటర్ల అర్మకొండ తూర్పు కనుమల్లో ఉంది. ఈ రెండిటికీ ఒంటరిగా వెళ్లొద్దు. దారి తెలిసిన స్థానికుడిని తప్పకుండా వెంట తీసుకెళ్లాలి.

కేరళలోని ఆనముడి (2,695 మీటర్లు) ఎరవికులం జాతీయ పార్కులో ఉంది, అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. సిక్కింలో కాంచన్‌జంగను ఎక్కడమే నిషిద్ధం. కాబట్టి జాబితాలో కొన్ని ఖాళీలు మిగలక తప్పదు.

ఇక సాధన సంగతి. 2014 మే 25న, 13 ఏళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ తొలి శిక్షణ భువనగిరి రాతికొండ మీదే. గౌలిపుర నుంచి అది సుమారు 50 కిలోమీటర్లు. కల్సూబాయికి వెళ్లే ముందు అక్కడ కాళ్లకు, ఊపిరికి అలవాటు చేసుకోవాలి.