నాడులు లేని జీవికి స్పర్శ ఎలా తెలుస్తుంది?

చేతి మీద చీమ పాకితే మనకు వెంటనే తెలుస్తుంది. మనకు నాడులున్నాయి, మెదడుంది. మరి ఒకే ఒక కణంతో బతికే జీవికి ఏదైనా తగిలితే ఎలా తెలుస్తుంది? ఇంటర్ వృక్షశాస్త్రంలో మనం బొమ్మ వేసి, భాగాలు గుర్తించి వదిలేసే క్లామిడోమోనాస్‌లోనే దీనికి జవాబుంది.

ఎవరీ క్లామిడోమోనాస్?

మన మీరాలం చెరువులో గానీ, వాననీరు నిలిచిన తొట్టిలో గానీ నీరు పచ్చబడిందంటే అందులో సూక్ష్మ శైవలాలు లక్షల్లో పెరిగాయన్నమాట. నిలవ నీటిలో పెరిగే అలాంటి ఆకుపచ్చ శైవలమే క్లామిడోమోనాస్. దీని పొడవు సుమారు 10 మైక్రోమీటర్లు. అంటే వంద కణాలను వరుసగా పేరిస్తే ఒక మిల్లీమీటరు. ముందు భాగంలో రెండు కశాభాలుంటాయి. వాటిని సెకనుకు దాదాపు 50 సార్లు ఆడిస్తూ, మనం చేతులతో నీటిని వెనక్కి తోసినట్టు తోస్తూ ముందుకు ఈదుతుంది.

తగిలితే ఏం చేస్తుంది?

లాడ్ బజార్ సందులో తోపుడు బండి అడ్డొస్తే ఆటో ఏం చేస్తుంది? కాస్త రివర్సు తీసి, పక్కకు తిరిగి పోతుంది. ఇదీ అంతే. ఆ పని జరిగే క్రమం ఇది:

1. కశాభాలు దేనికైనా గట్టిగా తగిలి వంగుతాయి.
2. కశాభం మొదట్లో ఉండే టీఆర్‌పీ11 అనే ప్రోటీను ద్వారం తెరుచుకుంటుంది. దీని పాత్రను జపాన్ శాస్త్రజ్ఞులు 2011లో తెలిపారు.
3. నీటిలోని కాల్షియం అయాన్లు కశాభాల్లోకి చొరబడతాయి.
4. కాల్షియం పెరగగానే కశాభాలు ఆడే తీరు మారుతుంది. రెండూ ముందుకు చాచుకుని పాములా మెలికలు తిరుగుతాయి. కణం వెనక్కి ఈదుతుంది.
5. కొద్దిసేపట్లో కాల్షియం తగ్గిపోతుంది. కణం మళ్లీ ముందుకు, కొత్త దిక్కుకు సాగుతుంది.

నీటిలో కాల్షియం లేకుండా చేస్తే ఈ వెనకడుగే ఉండదు.

మనకేమిటి సంబంధం?

మన మూత్రపిండాల సన్నని నాళాల్లోని కణాలకూ కశాభం వంటి వెంట్రుక ఉంటుంది. క్లామిడోమోనాస్‌లో కశాభం పెరగడానికి కావలసిన ఒక జన్యువు, చెడిపోతే ఎలుకల మూత్రపిండాల్లో నీటితిత్తులు పుట్టించే జన్యువు ఒకే వంశానివని 2000లో తేలింది. చెరువు నాచు మీద చేసిన పరిశోధన కిడ్నీ జబ్బును అర్థం చేసుకోవడానికి దారి చూపింది! మిరపకాయ మంటను మనకు తెలిపే ద్వారం కూడా టీఆర్‌పీ కుటుంబానిదే. దాన్ని కనుగొన్న డేవిడ్ జూలియస్‌కు, స్పర్శ ద్వారాలను కనుగొన్న ఆర్డెమ్ పటపూటియన్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది.

చేసి చూద్దాం

తొట్టిలోని పచ్చనీటిని గాజు సీసాలో పోసి, ఒకవైపే వెలుతురు పడేలా కిటికీ దగ్గర పెట్టండి. ఈదే శైవలాలుంటే కొన్ని గంటల్లో పచ్చదనం వెలుతురు వైపు చేరుతుంది. ఆ వైపు నుంచి ఒక చుక్క తీసి కాలేజీ ల్యాబ్‌లో 400 రెట్లు పెద్దది చేసి చూడండి. గాలిబుడగ అంచుకు తగిలిన కణం ఏం చేస్తుందో గమనించండి. చెరువులోకి మాత్రం దిగవద్దు. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి.

పరీక్షలో బొమ్మకు మార్కులు వస్తాయి. బొమ్మలోని రెండు గీతలు ఎందుకున్నాయో తెలిస్తే ఆ పాఠం జీవితాంతం గుర్తుంటుంది. అందుకే హాస్టల్లో బైపీసీ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ప్రతి బొమ్మనూ "ఎందుకు?" అని అడగాలని మా కోరిక.