నెల పిల్లలకు వేసిన టీకా

వజ్రకరూరు



పెద్ద మేకలతో పాటు నెల రోజుల పిల్లలకు కూడా పారుడు రోగం టీకా వేయించేశానని, ఇక మూడేళ్లు దిగుల్లేదని నిన్న ఫోన్‌లో అన్నావు. పెద్దవాటి సంగతి నిజమే. పిల్లలకు మాత్రం వేయించనట్టే అనుకో తల్లీ. ఎందుకో చెబుతాను.

మేకపిల్ల పుట్టేటప్పుడు తల్లి నుంచి రోగంతో పోరాడే యాంటీబాడీలు తెచ్చుకోదు. మనుషుల బిడ్డకు మాయ ద్వారా అందినట్టు దానికి అందవు. తల్లి ఇవ్వగలిగిందంతా ముర్రుపాలలోనే ఉంటుంది. ఆ యాంటీబాడీలను చెడకుండా రక్తంలోకి తీసుకునే గుణం పిల్ల పేగుకు ఒక్క రోజే ఉంటుంది, అదీ గంటగంటకూ తగ్గిపోతుంది. అందుకే ఈనిన గంటలోపే పొదుగు తుడిచి, మొదటి రెండు ధారలు నేలకు పిండేసి, పిల్ల నోటికి చన్ను అందించాలి. రెండున్నర కిలోల పిల్లకు తొలిరోజు పావు లీటరైనా పడాలి. మాయ పడేదాకా పాలు తాగించకూడదని ఎవరైనా అంటే వినొద్దు. అలా ఆగిన ప్రతి గంటా పిల్లకు నష్టమే.

ఆ తల్లిపాల బలం మూడు నాలుగు నెలలు ఉంటుంది. టీకాలో ఉన్నది బతికున్న వైరస్సే, కాకపోతే బలం తగ్గించినది. నెల పిల్లకు వేస్తే తల్లి యాంటీబాడీలు దాన్ని పెరగనివ్వవు. దాంతో పిల్ల ఒళ్లు సొంతంగా నేర్చుకునేది ఏమీ ఉండదు. తర్వాత తల్లిచ్చింది కరిగిపోతుంది, సొంత బలం ఉండదు. పిల్ల చురుగ్గా గంతులేస్తూ కనబడుతుంది కాబట్టి మనకు అనుమానమే రాదు. నాలుగు నెలలు నిండగానే మళ్లీ వేయించు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, పారుడు మామూలు విరేచనాల జబ్బు కాదు. మనుషుల పిల్లలకొచ్చే తట్టు, ఒకప్పుడు ఎద్దులను ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టిన ముసర రోగం, ఇదీ ఒకే కుటుంబం. ఊరి కావలివాళ్లనే ముందు మట్టుబెట్టే దొంగలా ఈ వైరస్ మొదట తెల్లరక్తకణాల్లో దూరుతుంది. జ్వరం, కళ్ల నీళ్లు, చీమిడి మొదలవుతాయి. కింది పెదవి వంచి చూడు, చిగురు మీద తవుడు చల్లినట్టు తెల్లగా ఉంటుంది. ఆ తర్వాత పారుడు, దగ్గు వస్తాయి. సూడి మేకలు ఈసుకుపోతాయి. కావలి పోయిన ఒంట్లో, ముక్కులో ఊరికే పడి ఉండే సూక్ష్మజీవులు కూడా ఊపిరితిత్తుల్లోకి దిగి చంపేస్తాయి. డాక్టరుగారిచ్చే యాంటీబయాటిక్ వాటి కోసమే, వైరస్‌ను అదేమీ చేయలేదు. తట్టుకుని బతికిన మేకకు మాత్రం జన్మలో మళ్లీ ఈ రోగం రాదు.

దీన్ని మొదట 1942లో ఐవరీ కోస్ట్‌లో గుర్తించారు. మన దేశంలో 1987లో తమిళనాడులో బయటపడింది. హిమాచల్‌లోని సుంగ్రి దగ్గర మేక నుంచి తీసిన వైరస్‌తో ముక్తేశ్వర్‌లోని పశువైద్య పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు తయారుచేసిన టీకా ఇప్పుడు దేశమంతా వాడుతున్నారు. ముసర రోగాన్ని 2011 నాటికి భూమ్మీదే లేకుండా చేశారు కదా, పారుడును 2030కల్లా అలాగే తుడిచేయాలని ప్రపంచ దేశాలు పూనుకున్నాయి. అది జరుగుతుందనే నా నమ్మకం. అది మనకు ఎంతో అవసరం కూడా. మన ఊరి పేరు వినగానే అందరూ వజ్రాల గురించే అడుగుతారు. వాన మొహం చాటేసిన ఏళ్లలో మన ఇళ్లను నిలబెట్టింది మాత్రం జీవాలే.

టీకా వేసేవాళ్లు వచ్చినప్పుడు డబ్బాలో ఐసు ఉందో లేదో చూడు. మన ఎండకు కలిపిన మందు ఎక్కువసేపు నిలవదు, గంటా రెండు గంటల్లో అయిపోవాలి. పొద్దున చల్లపూటే పిలిపించు. ముందుగా నట్టల మందు తాగించు. మేత లేక బక్కచిక్కిన మేకకు టీకా సరిగా పట్టదు, అలాంటివాటికి నాలుగు రోజులు దాణా పెట్టి చూసుకో. టీకా వేశాక బలం రావడానికి రెండు వారాలైనా పడుతుంది. పక్క ఊళ్లో రోగం పడ్డాక పరుగెత్తితే ఆ గడువు దొరకదు.

నువ్వు సంతలో కొన్న పాల మేకలను ఇంకా మందలో కలపలేదు కదా? మూడు వారాలు వేరే కొట్టంలో కట్టెయ్, నీళ్ల తొట్టి కూడా వేరే పెట్టు. ఈ రోగం చాలావరకు దగ్గరదగ్గరగా మసలినప్పుడు ఊపిరి ద్వారానే అంటుకుంటుంది. వాటి పాలు ఆఖరున పిండు. పిల్లలు పుట్టిన తేదీలు రాసి పంపు, నాలుగు నెలలు ఎప్పటికి నిండుతాయో నేనూ చూసి పెట్టుకుంటాను.

మీ మామ