ఎనభైల నాటి పాటల సంపుటాలు - వాటి చిరస్థాయి ఆకర్షణ

'ఆల్బమ్' అనగానే మనకు ఛాయాచిత్రాల పుస్తకం స్ఫురిస్తుంది. ఆ పేరు సంగీతానికి సంక్రమించిన తీరు కూడా అదే. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత గ్రామఫోన్ రికార్డులో ఒక్కొక్క వైపు మూడు, నాలుగు నిమిషాల పాట మాత్రమే పట్టేది. అటువంటి రికార్డులు కొన్నింటిని పుస్తకం వంటి అట్టలో భద్రపరచి ఆల్బమ్ అన్నారు. 1948లో ఎల్.పి. రికార్డు వచ్చి ఆ పాటలన్నీ ఒకే రికార్డులో ఇమిడినా, పేరు నిలిచిపోయింది.

ఎనభైల దశాబ్దంలో ఈ సంపుటాలు అపూర్వమైన ఆదరణ పొందాయి. 1982లో అమెరికాలో వెలువడిన మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్'లో ఉన్నవి తొమ్మిది పాటలే. అయినా అది ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన ఆల్బమ్‌గా ప్రసిద్ధి పొందింది. కరాచీలో పుట్టిన నాజియా హసన్ చిన్న వయస్సులోనే 'కుర్బానీ' (1980) చిత్రానికి పాడి, 1981లో 'డిస్కో దీవానే' సంపుటంతో సరిహద్దుకు ఇరువైపులా యువతను ఆకట్టుకొన్నది.

తెలుగువారికి మాత్రం సినిమా పాటల సంపుటమే ఆల్బమ్. అందుకు ఉత్తమోదాహరణ 1980 ఫిబ్రవరిలో విడుదలైన 'శంకరాభరణం'. కె. విశ్వనాథ్ దర్శకత్వం, వేటూరి సుందరరామమూర్తి రచన, కె.వి. మహదేవన్ సంగీతం దానికి సమకూడాయి. మహదేవన్, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, వాణీ జయరాం ముగ్గురికీ జాతీయ పురస్కారాలు లభించాయి.

ఈ ఆదరణకు కారణాలేమిటి? మొదటిది క్యాసెట్టు. రికార్డు ప్లేయరు సంపన్నుల ఇంటి వస్తువు. క్యాసెట్టు చవక, బ్యాటరీలతో నడిచే టేప్ రికార్డరు కరెంటు లేని చోటికి కూడా పోగలదు. కొల్లేటి లంకల్లోనైనా, నల్లజర్ల మెట్ట చేలలోనైనా పాట వినిపించింది. రెండవది పదాల స్పష్టత. అక్షరజ్ఞానం లేనివారు సైతం విన్న పాటను తప్పు లేకుండా పాడుకోగలిగారు. మూడవది, గురువు దొరకని వానికి ఆ పాట విద్యాద్వారమైంది. శాస్త్రీయ సంగీతాన్ని గురుముఖతః క్రమబద్ధంగా అభ్యసించని బాలసుబ్రహ్మణ్యమే శంకరశాస్త్రి పాత్రకు గళమివ్వడం ఇక్కడ గమనింపదగినది.

అయితే అధికంగా అమ్ముడైనదల్లా ఉత్తమమైనదని భ్రమపడరాదు. వేడుకగా కొని మరుసటి ఏడు మరచిన సంపుటాలు కోకొల్లలు. యంత్రం మారినా పాట మిగలడమే నిజమైన పరీక్ష. క్యాసెట్టు పోయింది, సి.డి. కూడా వెనుకబడింది; ఆ పాటలు నేటి మొబైల్ ఫోనులోకి వచ్చి చేరాయి.

ఇందులో మనకు సంబంధించిన ప్రశ్న ఒకటి ఉన్నది: విద్య ఎవరి సొత్తు? ఆ చిత్రంలో శంకరశాస్త్రి తన విద్యకు వారసునిగా నిలిపినది వేశ్యాకులంలో పుట్టిన తులసి కుమారుని. ఇది కథ అనుకొందాం. నిజజీవితంలోనూ నిదర్శనం ఉన్నది. ఒంగోలు సమీపంలోని కరవదిలో జన్మించిన షేక్ చినమౌలానా నాదస్వర విద్వాంసుడై, 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు అందుకొన్నారు. కనుక త్యాగరాజ కృతి మనది కాదని ముస్లిం విద్యార్థి గాని, గజల్ తనది కాదని తెలుగు విద్యార్థి గాని దూరంగా నిలువనక్కరలేదు.

విద్యార్థులారా! శంకరాభరణం అనే రాగం 29వ మేళకర్త. హిందుస్తానీ సంప్రదాయంలో దానికి సాటి బిలావల్. పాశ్చాత్యులకు అది మేజర్ స్కేల్. ఒకే స్వరవరుస మూడు పేర్లతో ముగ్గురి ఇళ్లలో పెరిగింది. మీకు నచ్చిన పాట ఒకటి ఎన్నుకొని, పదాలు రాసుకొని, అర్థాలు వెదకి, రాగం పేరు తెలిసికొని మరొకసారి వినండి. అప్పుడు అది కాలక్షేపం కాదు, అధ్యయనమవుతుంది.