విత్తనము నానవేయు పూట

వరి విత్తనము నానవేయుట మనకు ఏటేటా అలవాటైన పని. అలవాటైనందుననే దానిపై మనసు నిలుపము. బస్తా విప్పి తొట్టిలో కుమ్మరించి వేరొక పనికి పోవుదుము. నారు పలుచబడినప్పుడు విత్తనమును నిందింతుము.

ఈసారి ఆ పూట కొంత ఓపిక పట్టి చూడుడు. తొట్టిలో నీరు పోసి తాజా కోడిగ్రుడ్డును విడువవలెను. అది మునుగును. ఉప్పు కొద్దికొద్దిగా వేసి కలుపుచుండగా గ్రుడ్డు తేలి, దాని పైభాగము చిన్న నాణెమంత కనబడును. అప్పుడు ఉప్పు ఆపి, గ్రుడ్డు తీసి, వడ్లు పోసి కలియబెట్టవలెను. తాలు, అరతాలు తేలును; గట్టి గింజలు మునుగును. మునిగినవానిని వెంటనే మంచినీటితో రెండు మూడుసార్లు కడుగవలెను. ఉప్పు మిగిలినచో మొలక చెడును. పిమ్మట 24 గంటలు నానబెట్టి, మరి 24 గంటలు మండె కట్టి నారుమడిలో చల్లవలెను.

తేలిన గింజలను చూచి “ఇంత పోయెనే” అని చింతింపవలదు. మొలకకు తొలినాళ్ల ఆహారము గింజలోనిదే. అది లేని గింజ మొలవదు; మొలచినను బక్క నారే. మందు కలుపని విత్తనమైనచో తేలినవానిని కడిగి కోళ్లకు వేయవచ్చును.

నాటిన పిదప ఎంత ఎరువు వేసినను ఈ లోపము పూర్తిగా తీరదు. గ్రామాధికారులు ఊరిలో ఒక్క ముంగిట ఈ పరీక్ష చేసి చూపినను చాలును. చూచినవారు తమ తొట్టి దగ్గర తప్పక నిలుతురు. ఆ ఒక్క పూట శ్రద్ధయే పైరు కాలమంతటికి పునాది.